వాక్యూమ్ ప్యాకింగ్ దేన్ని ఆపుతుంది, దేన్ని ఆపలేదు?

క్లుప్తంగా: వాక్యూమ్ యంత్రం కవరులోని గాలిని లాగేస్తుంది. గ్యాస్ ప్యాకింగ్ యంత్రం ఆ చోట నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు నింపుతుంది. నియంత్రిత వాతావరణ గది పండ్ల చుట్టూ ఉన్న గాలిని నెలల తరబడి కొలుస్తూ, సరిచేస్తూ ఉంటుంది. ఆక్సిజన్ వల్ల పాడయ్యే సరుకుకు ఈ పద్ధతులు బాగా పనికొస్తాయి. తనలోని తేమ వల్ల, గాలి అక్కర్లేని క్రిముల వల్ల పాడయ్యే సరుకును మాత్రం ఇవి కాపాడలేవు. కొన్ని పదార్థాల్లో ప్రమాదాన్ని పెంచుతాయి కూడా. అందుకే యంత్రం ధర కన్నా ముందు తేల్చుకోవలసింది సరుకు దేనివల్ల చెడుతుందన్నది.

అన్నిటికీ ఒకే మందు

విజయవాడ బీసెంట్ రోడ్డులో, గుంటూరు బ్రాడీపేటలో మిఠాయి దుకాణాలు, పచ్చళ్ల దుకాణాల వద్ద 'వాక్యూమ్ ప్యాకింగ్ చేయబడును' అనే మాట ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకు పంపడానికి ఆవకాయ, కారప్పొడి, బందరు లడ్డు, రొయ్యల పచ్చడి, సోనా మసూరి బియ్యం ఒకే కౌంటరు మీదికి చేరతాయి. ఒకే యంత్రంలోంచి బిగుసుకుపోయిన కవర్లుగా బయటికి వస్తాయి. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మే మహిళలు, స్వయం సహాయక సంఘాలు, మిరప పొడి మిల్లులు కూడా ఇలాంటి యంత్రం కోసం ఆరా తీస్తున్నాయి. సూక్ష్మ ఆహారశుద్ధి యూనిట్ల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో పెట్టుబడిపై 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఉండటం ఈ ఆసక్తిని పెంచింది.

చిక్కల్లా ఒక నమ్మకంతో వచ్చింది. గాలి తీసేస్తే ఏదైనా నిలవ ఉంటుందని కొనేవారు అనుకుంటారు, అమ్మేవారూ అలాగే చెబుతారు. పైన చెప్పిన సరుకుల్లో బియ్యానికి ఆ మాట నిజం. కారప్పొడికి చాలావరకు నిజం. లడ్డుకు కొంత నిజం. రొయ్యల పచ్చడి విషయంలో ఆ మాటను నమ్ముకోవడం ప్రమాదకరం. ఒకే యంత్రం, ఒకే రకం కవరు వాడినా ఫలితం ఇంతగా మారడానికి కారణం సరుకు చెడే తీరులోనే ఉంది.

ఆహారం చెడటానికి ముఖ్యమైన దారులు కొన్నే. నూనె, నెయ్యి, రంగు పదార్థాలు ఆక్సిజన్‌తో కలిసి మారిపోతాయి. బూజు పెరుగుతుంది. పురుగు పడుతుంది. బ్యాక్టీరియా పెరుగుతుంది. తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. కోసిన పండు, కాయ అయితే తనంతట తానే ముదిరి కుళ్లుతుంది. వీటిలో మొదటి మూడింటికి ఆక్సిజన్ కావాలి. నాలుగోదైన బ్యాక్టీరియాలో కొన్నిటికే కావాలి, కొన్నిటికి అక్కర్లేదు, ఇంకొన్నిటికి ఆక్సిజన్ ఉంటేనే గిట్టదు. వాక్యూమ్ ప్యాకింగ్ గురించిన అయోమయం చాలావరకు ఈ తేడా తెలియక వచ్చిందే.

యంత్రం లోపల జరిగే పని

మార్కెట్లో దొరికే వాక్యూమ్ యంత్రాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో కవరు మూతిని యంత్రం అంచున పెడితే గాలిని బయటినుంచే లాగుతుంది. ఇళ్లకు, చిన్న దుకాణాలకు అమ్మేవి ఎక్కువగా ఇవే. వీటికి లోపలి వైపు గరుకు గీతలున్న కవర్లు వాడాలి. నున్నటి కవరు వాడితే రెండు పొరలు ముందే అంటుకుపోయి గాలికి దారి ఉండదు. ద్రవం ఉన్న పదార్థానికి ఈ రకం పనికిరాదు, గాలితోపాటు నూనె, పులుసు కూడా పైకి వచ్చేస్తాయి.

రెండోది ఛాంబర్ యంత్రం. ఇందులో కవరును మొత్తంగా ఒక పెట్టెలో ఉంచి మూత వేస్తారు. పంపు పెట్టెలోని గాలినంతా తీస్తుంది. కవరు లోపలా బయటా ఒకే ఒత్తిడి ఉంటుంది కాబట్టి పచ్చడిలోని నూనె ఎటూ పోదు. గాలి పోయాక సీలింగ్ పట్టీ వేడెక్కి మూతిని అతికిస్తుంది. ఆ తర్వాత పెట్టెలోకి బయటి గాలిని వదులుతారు. కవరు సరుకును పట్టుకుని బిగుసుకునేది ఆ క్షణంలోనే. వాతావరణ పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఉంటుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున్న కవరు ఒక్కో ముఖంపై సుమారు 600 కిలోల బలం పడుతుందన్నమాట. పూతరేకులు, జంతికలు, చిప్స్ వాక్యూమ్‌లో పొడి కావడానికి కారణం ఇదే. వాటికి గాలి తీయడం సరిపోదు, తీసిన చోట ఇంకేదైనా నింపాలి.

వేడి పదార్థం విషయంలో మరో చిక్కు ఉంది. ఒత్తిడి తగ్గేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. వాతావరణ పీడనం 1013 మిల్లీబార్లు. దాన్ని 200 మిల్లీబార్లకు దించితే 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నీరు మరుగుతుంది. 42 మిల్లీబార్ల దగ్గర 30 డిగ్రీలు చాలు. పొయ్యి మీద నుంచి దించిన కూరను అలాగే ఛాంబర్లో పెడితే అది పొంగి సీలింగ్ చోటంతా పాడుచేస్తుంది. ఆవిరి పంపులోకి వెళ్లి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు చేరిందని గుర్తు. మార్చకుండా అలాగే నడిపితే యంత్రం లాగే శక్తి తగ్గుతూ పోతుంది. కవరు పైకి బిగువుగానే కనిపిస్తుంది కాబట్టి ఆ సంగతి చాలాకాలం బయటపడదు. విజయవాడ వేసవిలో వంటగది మామూలు వేడే 40 డిగ్రీలు దాటుతుంది. పదార్థాన్ని ముందుగా ఫ్రిజ్‌లో చల్లార్చడం ఇక్కడ తప్పనిసరి.

గేజీ చూపే అంకెను సరిగ్గా చదవడమూ అవసరమే. 760 మిల్లీమీటర్ల పాదరసం పూర్తి శూన్యం అనుకుంటే, 600 దగ్గర ఆగిపోయే యంత్రం పెట్టెలో అయిదో వంతు గాలిని వదిలేస్తోందని అర్థం. 10 మిల్లీబార్ల వరకు దించగల పంపు ఒక శాతమే మిగులుస్తుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం కాబట్టి, అక్కడ మిగిలే ఆక్సిజన్ మొదటి ఘనపరిమాణంతో పోలిస్తే 0.2 శాతం. కేటలాగులో 'పవర్‌ఫుల్ మోటార్' అన్న మాట కన్నా చివరికి ఎన్ని మిల్లీబార్లకు దించుతుంది, గంటకు ఎన్ని ఘనపు మీటర్లు లాగుతుంది అన్న రెండు అంకెలే కొనేవారికి ఉపయోగం. ఆహార ప్యాకింగ్ కోసమే తయారైన వాక్యూమ్ పంపును జర్మనీకి చెందిన కార్ల్ బుష్ 1963లో తెచ్చారు. ఈ రోజుకీ ఈ యంత్రాలకు గుండెకాయ ఆయిల్‌తో నడిచే అలాంటి రోటరీ పంపే.

కవరు తేలిగ్గా తీసుకునేది కాదు

యంత్రం మీద లక్షలు పెట్టి కవర్ల దగ్గర పొదుపు చేస్తే ఆ ఖర్చు వృథా. కంటికి కనిపించకపోయినా ప్లాస్టిక్‌లోంచి ఆక్సిజన్ దూరుతూనే ఉంటుంది. మామూలు పాలిథిన్ పొరలో, 25 మైక్రాన్ల మందంలో, చదరపు మీటరుకు రోజుకు కొన్ని వేల సీసీల ఆక్సిజన్ లోపలికి పోగలదు. నైలాన్ పొరలో అది పదుల సీసీలకు తగ్గుతుంది. మెటలైజ్డ్ (లోహపు పూత వేసిన) పాలియెస్టర్, ఈవీఓహెచ్ అనే ప్లాస్టిక్ లాంటి పొరల్లో ఒకటి రెండు సీసీల స్థాయికి వస్తుంది. మడత పడి పగలనంతవరకు అల్యూమినియం రేకులోంచి దాదాపు ఏమీ పోదు.

అందుకే వాక్యూమ్ కవర్లను నైలాన్, పాలిథిన్ కలిపి చేస్తారు. నైలాన్ ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది, లోపలి పాలిథిన్ వేడికి కరిగి అతుక్కుంటుంది. రెండింటిలో ఏది లేకపోయినా పని జరగదు. రంగు పోయే సరుకుకు ఇంకో జాగ్రత్త కావాలి. పారదర్శకమైన నైలాన్ కవరు వెలుతురును ఆపదు. షాపు అద్దాల బీరువాలో ట్యూబులైటు కింద పెట్టిన కారప్పొడి, వాక్యూమ్‌లో ఉన్నా రంగు కోల్పోతుంది.

సీలింగ్ మీద నూనె చుక్క పడితే ఆ చోట పాలిథిన్ సరిగా అతకదు. పచ్చళ్ల ప్యాకెట్లు కారడానికి మొదటి కారణం ఇదే. గరాటు వేసి నింపడం, నింపేముందు కవరు మూతిని బయటికి మడిచి ఉంచడం, వెడల్పైన సీలు వచ్చే పట్టీని ఎంచుకోవడం లాంటివి చిన్న జాగ్రత్తలే అయినా ఫలితం పెద్దది. తయారైన ప్యాకెట్‌ను నీళ్లలో ముంచి గట్టిగా నొక్కితే పెద్ద లీకు బుడగలుగా బయటపడుతుంది. వాక్యూమ్ కవరు నుంచి బుడగ అంత తేలిగ్గా రాదు కాబట్టి, ఒక రోజు పక్కన పెట్టి బిగువు సడలిందేమో చూడటం మేలైన పరీక్ష.

గ్యాస్ నింపడం

మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. అది దేనితోనూ తేలిగ్గా కలవదు, రుచి లేదు, వాసన లేదు. చిప్స్ ప్యాకెట్ ఉబ్బి ఉండటానికి కారణం ఇదే వాయువు. చాలామంది దాన్ని 'గాలి నింపి మోసం చేస్తున్నారు' అని తిట్టుకుంటారు. ఆ ప్యాకెట్లో మామూలు గాలే ఉంటే నూనె వాసన మారిపోయి కొద్ది వారాల్లో తినలేని స్థితికి వస్తుంది. నైట్రోజన్ లేకుండా బిగిస్తే చిప్స్ పొడి అవుతాయి. ఇంకా ఖాళీ ఎక్కువ వదిలి తూకం తక్కువ ఇస్తే అది తూనికలు, కొలతల శాఖ చూడవలసిన వేరే విషయం.

కార్బన్ డయాక్సైడ్‌కు మరో గుణం ఉంది. అది బూజును, చాలా రకాల బ్యాక్టీరియాను నెమ్మదింపజేస్తుంది. తడి పదార్థంలో కొంత కరిగిపోతుంది కూడా, అందువల్ల మాంసం, చేపల ప్యాకెట్లు కాస్త లోపలికి లాక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఎర్ర మాంసానికి మాత్రం వ్యాపారులు ఆక్సిజన్‌నే 70 నుంచి 80 శాతం నింపుతారు. మాంసంలోని మయోగ్లోబిన్ అనే రంగు పదార్థానికి ఆక్సిజన్ తగిలితేనే ఆ ఎరుపు నిలుస్తుంది. వాక్యూమ్‌లో ఉన్న మాంసం ముదురు ఊదా రంగులో ఉండి, తెరిచిన కొద్దిసేపటికి ఎర్రబడుతుంది. రంగు చూసి చెడిపోయిందనుకుని పారేయనక్కర్లేదు. అంత ఆక్సిజన్‌ను మామూలు ఆయిల్ పంపు గుండా పంపితే అంటుకునే ప్రమాదం ఉంది, దానికి ప్రత్యేకమైన పంపు, ఆయిల్ వాడతారు.

గ్యాస్ నింపడంలోనూ రెండు దారులున్నాయి. ప్యాకెట్లోకి గ్యాస్‌ను ఊదుతూ గాలిని తోసేయడం ఒకటి. పొడులు, చిప్స్ నింపే నిలువు యంత్రాలు ఈ పద్ధతిలో వేగంగా పనిచేస్తాయి, కానీ రెండు నుంచి అయిదు శాతం ఆక్సిజన్ మిగిలిపోతుంది. ముందు గాలి పూర్తిగా తీసి, తర్వాత గ్యాస్ నింపడం రెండోది. నెమ్మదైన పని, అయితే మిగిలే ఆక్సిజన్‌ను ఒక శాతం లోపుకు దించవచ్చు. ఛాంబర్ యంత్రాల్లో చాలావాటికి గ్యాస్ గొట్టం బిగించే వీలుంటుంది. పూతరేకులకు ఈ రెండో పద్ధతే తగినది.

అయితే చిన్న మిఠాయి దుకాణం ఈ ఖర్చంతా పెట్టే ముందు ఆలోచించవలసిన మార్గం ఇంకోటి ఉంది. ఇనుప పొడితో చేసిన ఆక్సిజన్ శోషక పొట్లాలు దొరుకుతాయి. ఒక గ్రాము ఇనుము సుమారు 300 సీసీల ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. మంచి కవరు, మంచి సీలు ఉంటే అర కిలో బందరు లడ్డుకు అలాంటి పొట్లం ఒకటి యంత్రంతో దాదాపు సమానంగా పనిచేస్తుంది. లడ్డు నలగదు కూడా.

నైట్రోజన్ సిలిండర్లు వాడేచోట గాలి ఆడాలి. వాసన లేని ఈ వాయువు లీకై మూసిన గదిలో ఆక్సిజన్‌ను 19.5 శాతం కన్నా తగ్గిస్తే మనిషికి హాని మొదలవుతుంది, ఊపిరాడటం లేదని తెలిసేలోపే స్పృహ తప్పవచ్చు. ఇంటి వెనుక గదిలో యూనిట్ పెట్టేవారికి యంత్రం అమ్మేవారు ఈ మాట చెప్పితీరాలి.

మిరపకాయ: రంగు, బూజు, పురుగు

గుంటూరులో ఈ సాంకేతికతకు అన్నిటికన్నా ఎక్కువ అవకాశం ఉన్న సరుకు మిరపే. సంక్రాంతి దాటాక మిర్చి యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) పోటెత్తుతాయి. అమ్ముడు పోనిది, ధర కోసం ఆపుకున్నది చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు చేరి నెలల తరబడి ఉంటుంది. ఆ కాలమంతా కాయలో జరిగే మార్పు ప్రధానంగా రంగుది. కారానికి కారణమైన క్యాప్సైసిన్ గట్టి పదార్థం, అంత త్వరగా తగ్గదు. ఎరుపునిచ్చే క్యాప్సాంతిన్ లాంటి కెరోటినాయిడ్లు మాత్రం ఆక్సిజన్, వెలుతురు, వేడి తగిలితే విరిగిపోతాయి. ఎగుమతిదారులు రంగును అమెరికా మసాలా వ్యాపార సంఘం కొలమానమైన ఆస్టా యూనిట్లలో కొలిచి ధర కడతారు కాబట్టి ఈ మార్పు నేరుగా డబ్బు లెక్క.

కోల్డ్ స్టోరేజీ చల్లదనంతో ఈ మార్పును నెమ్మదింపజేస్తుంది. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపు అవుతుందని స్థూలంగా లెక్క వేస్తారు. ఆ ప్రకారం 35 డిగ్రీల గోదాములో ఒక నెలలో పోయే రంగు, 5 డిగ్రీల దగ్గర పోవడానికి ఎనిమిది నెలలు పడుతుంది. ఆక్సిజన్ తీసేయడం ఇంకో దారి. అలాగని ఎండుకాయను టిక్కీల లెక్కన వాక్యూమ్ చేయడం కుదరదు. బోలుగా ఉండే కాయ ఒత్తిడికి చితికి గింజ రాలుతుంది, తొడిమ మొనలు కవరును పొడుస్తాయి. గింజ రాలిన కాయకు మార్కెట్లో ధర తగ్గుతుంది. కాయకు తగినది గోనెసంచి లోపల వేసే, గాలి దూరని పెద్ద లైనర్ సంచీ, అందులో నైట్రోజన్ లేదా కార్బన్ డయాక్సైడ్.

ధాన్యానికి వాడే గాలి చొరబడని సంచుల్లో గ్యాస్ నింపరు. లోపలున్న పురుగులే ఊపిరి పీల్చి ఆక్సిజన్‌ను అయిపోగొట్టి చనిపోతాయి. బాగా ఎండిన మిరపలో పురుగు తక్కువగా ఉంటే ఆక్సిజన్ తగ్గడానికి చాలాకాలం పడుతుంది, ఆ లోపు రంగు పోతూనే ఉంటుంది. అందుకే ధాన్యం సంచిని మిరపకు యథాతథంగా తెచ్చి అదే ఫలితం ఆశించడం తప్పు. పురుగు పరంగా మాత్రం ప్రయోజనం స్పష్టం. ఎండుమిరపను తొలిచే సిగరెట్ బీటిల్ లాంటి పురుగులకు ఇప్పుడు వాడుతున్నది ఫాస్ఫీన్ పొగ. ఆ పురుగుల్లో ఫాస్ఫీన్‌ను తట్టుకునే రకాలు బయటపడ్డాయి. ఆక్సిజన్‌ను ఒక శాతం దగ్గర రెండు మూడు వారాలు ఉంచితే మందు అవశేషం లేకుండానే పని పూర్తవుతుంది. చల్లదనంలో ఆ వ్యవధి ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే చలికి పురుగు ఊపిరి కూడా మందగిస్తుంది.

ఇక అఫ్లాటాక్సిన్. యూరప్ మిరపలో బీ1 రకం విషానికి కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టింది. ఈ విషాన్ని తయారుచేసేది ఆస్పర్జిల్లస్ జాతి బూజు. అది కల్లంలో కాయ ఆరుతున్నప్పుడు, వాన తడిసినప్పుడు, బరువు కోసం నీళ్లు చల్లినప్పుడు పెరుగుతుంది. ఒకసారి తయారైన విషం వాక్యూమ్‌కు పోదు, నైట్రోజన్‌కు పోదు, వంటలో వేడికీ పూర్తిగా పోదు. ప్యాకింగ్ చేయగలిగింది ఆ తర్వాత కొత్తగా పెరగకుండా చూడటం వరకే. 11 శాతం లోపు తేమకు ఎండిన కాయ, టార్పాలిన్ పట్టాల మీద లేదా సోలార్ డ్రయ్యర్లో ఆరిన కాయ మీద పెట్టిన ఖర్చే తర్వాతి యంత్రాలన్నిటికీ అర్థం ఇస్తుంది. ఈ వరసను తలకిందులు చేసి, తడి కాయను ఖరీదైన కవరులో మూస్తే తేమ లోపలే చిక్కుకుపోతుంది.

లైనర్ సంచితో వచ్చే మరో లాభం గురించి ఎక్కువ మాట్లాడుకోరు. కోల్డ్ స్టోరేజీ నుంచి చల్లని టిక్కీని ఆగస్టులో బయటికి తెస్తే, గాలిలోని తేమ దాని మీద నీటి చుక్కలై పడుతుంది. గోనెసంచి ఆ నీటిని కాయకు అందిస్తుంది. గాలి దూరని లైనర్ ఉంటే నీరు బయటే ఉండిపోతుంది, సంచి మామూలు వేడికి వచ్చాక తెరవవచ్చు.

పొడి విషయం కాయకన్నా సులువు, అవసరం కూడా ఎక్కువ. రుబ్బగానే గాలి తగిలే వైశాల్యం ఎన్నో రెట్లు పెరిగి రంగు వేగంగా పోతుంది. మిల్లు నుంచి వచ్చిన పొడి వేడిగా ఉంటుంది, చల్లార్చి, వెలుతురు దూరని మెటలైజ్డ్ కవరులో నైట్రోజన్‌తో నింపడం సరైన పద్ధతి. కాయనే ఆక్సిజన్ లేకుండా నిలవ ఉంచి, ఆర్డరు వచ్చినప్పుడు పొడి కొట్టడం అంతకన్నా మంచిది.

పచ్చళ్లు, కూరలు, చేపలు: ఇక్కడ జాగ్రత్త

క్లోస్ట్రిడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా మట్టిలో, చెరువుల అడుగున సహజంగా ఉంటుంది. దాని బీజాలు మరిగే నీటిలో చావవు. పెరగడానికి ఆక్సిజన్ ఉండకూడదు. పెరిగితే నరాలను చచ్చుబడేసే విషాన్ని తయారుచేస్తుంది, ఆ విషానికి రంగు, రుచి, వాసన మార్పు ఉండకపోవచ్చు. గాలి తీసిన కవరు దానికి అనువైన ఇల్లు. మామూలు ప్యాకెట్లో అయితే ముందుగా వేరే బ్యాక్టీరియా పెరిగి వాసన వచ్చి, మనిషి పారేస్తాడు. వాక్యూమ్ ఆ హెచ్చరికనే తీసేస్తుంది.

దీన్ని ఆపే అడ్డుగోడలు తెలిసినవే. పులుపును కొలిచే పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉంటే అది పెరగదు (పీహెచ్ తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). క్రిములు వాడుకోదగ్గ నీటిని కొలిచే వాటర్ యాక్టివిటీ 0.93 కన్నా తగ్గినా పెరగదు. ఆవకాయకు మామిడి పులుపు, ఉప్పు, ఆవపిండి ఉన్నాయి. గోంగూరకు దాని పులుపే రక్ష. మన పెద్దలు వాడిన కొలతలు ఈ రెండు గోడల్నీ దాటించని కొలతలు. వాక్యూమ్ లేకుండానే అవి ఏడాది నిలవ ఉన్నాయి. ఇప్పుడు ఆరోగ్యం పేరుతో ఉప్పు తగ్గించిన ఆవకాయను, ఆ తగ్గింపును వాక్యూమ్ పూడుస్తుందని నమ్మి ప్యాక్ చేయడం సరికాదు.

చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, రొయ్యల పచ్చడి వేరే తరగతి. ముక్కలో నీరు, మాంసకృత్తులు ఎక్కువ, పులుపు నిమ్మరసం పోసినంతే. ముక్క ఎంత వేగింది, లోపల తేమ ఎంత మిగిలింది, పులుపు ముక్క నడిబొడ్డు వరకు దిగిందా అన్నది చేతివాటం మీద వదిలేయకూడదు. ప్రతి వంటకానికీ పీహెచ్, వాటర్ యాక్టివిటీ కొలిపించి, ఆ అంకెలు హద్దు లోపల ఉంటేనే గది వేడిలో అమ్మాలి. లేదంటే ఫ్రీజర్ సరుకుగా అమ్మాలి. పీహెచ్ మీటరు ఖరీదు వాక్యూమ్ యంత్రం ఖరీదులో చాలా చిన్న భాగం, ఇంటి యూనిట్ కూడా కొనగలిగినదే. ఈ కొలతల గురించి అడగాలన్నా, ఆహార శాస్త్ర కళాశాల ఉన్న బాపట్ల గుంటూరుకు దగ్గరే.

విమానంలో పట్టుకెళ్లే పప్పు, సాంబారు, పులిహోరలకూ ఇదే సూత్రం. అన్నంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, ఆ క్రిమి గాలి ఉన్నా లేకున్నా పెరుగుతుంది. దుకాణాల్లో ఏడాది నిలవ ఉండే రెడీమేడ్ కూర పొట్లాలు పైకి వాక్యూమ్ ప్యాకెట్లలాగే కనిపిస్తాయి. అవి సీలు వేశాక రిటార్ట్ అనే పీడన పాత్రలో 121 డిగ్రీల వేడిని చూసి వచ్చినవి. వాటిని నిలబెట్టేది ఆ వేడి. కవరు చూసి రెండూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చే పొరపాటు ప్రాణం మీదికి తేగలదు.

చేపలకు నిబంధన ఇంకా కఠినం. సముద్ర ఉత్పత్తుల్లో కనిపించే బొట్యులినం రకం మూడు డిగ్రీలు దాటితే చాలు, ఫ్రిజ్‌లోనే పెరగగలదు. మామూలు ఫ్రిజ్‌లు నాలుగైదు డిగ్రీల దగ్గర ఉంటాయి. అందుకే వాక్యూమ్ చేసిన చేప, రొయ్య గడ్డకట్టే ఉండాలి. వండేముందు కవరు కోసి, ఆ తర్వాతే ఫ్రిజ్‌లో కరగనివ్వాలి. ఫ్రిజ్‌లో ఉంచి అమ్మే తాజా చేపకు అమెరికా ఆహార నియంత్రణ సంస్థ, రోజుకు చదరపు మీటరుకు పది వేల సీసీల ఆక్సిజన్ దూరే పొరను వాడమంటుంది. ఆక్సిజన్ దూరాలనే ఉద్దేశంతో పెట్టిన నిబంధన అది.

మామిడికి వాక్యూమ్ ఎందుకు పనికిరాదు

కోసిన తర్వాత కూడా పండు ఊపిరి పీలుస్తుంది. ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, వేడి పుట్టిస్తుంది. ఆక్సిజన్ తగ్గిస్తే ఈ పని మందగించి పండటం ఆలస్యమవుతుంది. మరీ తగ్గిస్తే లోపల పులిసి సారా వాసన వస్తుంది. కాబట్టి పండుకు కావలసింది శూన్యం కాదు, ఒక సన్నటి హద్దు. మామిడికి 3 నుంచి 5 శాతం ఆక్సిజన్, 5 నుంచి 10 శాతం కార్బన్ డయాక్సైడ్, 13 డిగ్రీల చల్లదనం సిఫారసు చేస్తారు. అంతకన్నా చల్లబరిస్తే తొక్క మీద మచ్చలు పడి, తర్వాత సరిగా పండదు.

ఆక్సిజన్ లేనిచోట పండ్లు పండవని ఫ్రాన్స్‌లో బెరార్ అనే శాస్త్రవేత్త 1821లోనే గుర్తించారు. దాన్ని లెక్కగా మార్చింది 1920లలో కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు కిడ్, వెస్ట్. ఇంగ్లండ్‌లోని కెంట్‌లో 1929లో ఆపిల్ పండ్ల కోసం మొదటి వాణిజ్య నియంత్రిత వాతావరణ గది వచ్చింది. ఇలాంటి గదుల్లో సెన్సర్లు వాయువులను కొలుస్తుంటాయి, పండు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను స్క్రబ్బర్ అనే పరికరం తీసేస్తుంది, ఆక్సిజన్ తగ్గితే కొంచెం గాలి వదులుతారు. మే నెలలో విజయవాడ బండ్ల మీద కనిపించే మన దేశపు ఆపిల్ అంతకు ముందు శరదృతువులో కోసినదే, నెలలపాటు అలాంటి గదిలో ఉండి వచ్చింది.

విజయవాడ దగ్గరి నున్న గ్రామపు మామిడి మార్కెట్‌కు అలవాటైన రైపెనింగ్ ఛాంబర్ దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో నడుస్తుంది. అక్కడ ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (పది లక్షల్లో వంద పాళ్లు) మించకుండా ఇచ్చి పండిస్తారు. నియంత్రిత గది పండనివ్వకుండా ఆపుతుంది. మామిడికి ఆ గది వల్ల కలిగే లాభం వారాల్లోనే, ఆపిల్‌కు కలిగినట్టు నెలల్లో కాదు. సముద్ర మార్గాన కంటైనర్లో పంపే సరుకుకు ఆ వారాలు చాలు, ఎందుకంటే విమాన ఛార్జీ తప్పుతుంది. స్థానిక మార్కెట్ కోసం అంత పెట్టుబడి గిట్టుబాటు కావడం కష్టం. గ్యాస్ ఒకసారి నింపి వదిలేసే ప్యాకింగ్ యంత్రాన్ని కొందరు అమ్మకందారులు 'కంట్రోల్డ్ అట్మాస్ఫియర్' అంటున్నారు. అందులో నింపడమే ఉంది, కొలిచి సరిదిద్దడం లేదు. కూరగాయ ముక్కలకు, పుట్టగొడుగులకు అలాంటి ప్యాకెట్ వాడితే కవరుకు సూక్ష్మ రంధ్రాలుండాలి. లేకపోతే అవి ఆక్సిజన్‌ను తామే అయిపోగొట్టి, బొట్యులినం పెరిగే స్థితికి చేరతాయి.

ముందు ముందు

ఈ ప్రాంతంలో ఈ యంత్రాలు పెరుగుతాయనడంలో సందేహం లేదు. ఎక్కువ ఫలితం ఇచ్చేవి మాత్రం దుకాణం కౌంటర్ మీద కనిపించేవి కాకపోవచ్చు. కోల్డ్ స్టోరేజీలో టిక్కీకి గాలి దూరని లైనర్, కారం మిల్లులో నైట్రోజన్ నింపే వరస, బియ్యం మిల్లులో ఇటుకల్లా బిగుసుకున్న ఒకటి, రెండు కిలోల వాక్యూమ్ ప్యాకెట్లు, ఈ మూడు చోట్లా సరుకు పొడిగా ఉంటుంది, ప్రమాదం తక్కువ, లాభం కొలవగలిగినది. తడి సరుకులో లాభం కన్నా బాధ్యత ఎక్కువ. అక్కడ యంత్రంతోపాటు థర్మామీటరు, పీహెచ్ మీటరు, ఫ్రీజర్ కూడా పెట్టుబడిలో భాగమే. రాయితీ దరఖాస్తుల్లో ఈ పరికరాలను కూడా చేర్పించేలా బ్యాంకులు, జిల్లా అధికారులు చూస్తే చిన్న యూనిట్లకు మేలు.

ఇంకొక భారం కూడా ఉంది. నైలాన్, పాలిథిన్, అల్యూమినియం ఒకదానికొకటి అతికిన పొరలను విడదీయడం కష్టం కాబట్టి, చెత్త ఏరుకునేవారు వాటిని ముట్టరు. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు, 2022లో వాటికి వచ్చిన సవరణ ప్రకారం ప్యాకింగ్ వ్యర్థాల సేకరణ బాధ్యత ఉత్పత్తిదారు, బ్రాండు యజమానుల మీదా ఉంది. ఒకే జాతి ప్లాస్టిక్‌తో, పలచని ఈవీఓహెచ్ పొరతో చేసిన కవర్లు రీసైక్లింగ్‌కు అనువుగా వస్తున్నాయి, ధర మాత్రం ఎక్కువ. కొన్ని వారాల్లో స్థానికంగా అమ్ముడయ్యే పచ్చడికి గాజు సీసా ఇప్పటికీ సరిపోతుంది. ఆక్సిజన్ దాన్ని దాటలేదు, నూనె దాన్ని పాడుచేయలేదు, కడిగి మళ్లీ వాడుకోవచ్చు.